కష్టంలో కృతజ్ఞత: అండమాన్ అడవులు లేవనెత్తిన ఒక ప్రశ్న

మేలు పొందినవాడు మేలు చేసినవానిని తలచుకోవడం లోకసహజం. దానిని బోధించడానికి శాస్త్రాలు అక్కరలేదు. పల్లెల్లో 'ఉప్పు తిన్న విశ్వాసం' అనే ఒక్క మాట చాలు. చిక్కంతా ఆ తరువాతి మెట్టు మీద ఉంది. మేలు కనబడనప్పుడు, కంటికి ఆనేది కీడు మాత్రమే అయినప్పుడు, మనిషి దైవానికి కృతజ్ఞుడై ఉండగలడా? ఉండగలిగితే అది ఆత్మబలమా, ఆత్మవంచనా? కతోలిక ఆధ్యాత్మిక సంప్రదాయం మొదటి ప్రశ్నకు 'ఉండగలడు' అని తడుముకోకుండా సమాధానం చెబుతూ వచ్చింది. రెండవ ప్రశ్న మాత్రం ఆ సంప్రదాయం లోపలా వెలుపలా నేటికీ తెగలేదు. దానిని గ్రంథాలలో కంటె మనుషుల బ్రతుకులలో పరీక్షించడం మేలు. అందుకు అండమాన్ దీవులంత తగిన తావు భారతదేశంలో మరొకటి దొరకడం కష్టం.

ముందుగా మాటల సంగతి కొంత చూడాలి. తెలుగులో 'విశ్వాసం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. క్రైస్తవుల వాడుకలో అది దైవం మీది నమ్మకం. లోకవ్యవహారంలో 'విశ్వాసం లేని మనిషి' అంటే నమ్మకం లేనివాడు కాదు, చేసిన మేలు మరచినవాడు. ఒకే మాట భక్తికీ కృతజ్ఞతకూ పేరు కావడం యాదృచ్ఛికమే అయినా అర్థవంతమైన యాదృచ్ఛికం. ఇక 'కృతజ్ఞత' అంటే జరిగినదానిని ఎరిగి ఉండడం. అది మొదట ఒక జ్ఞానం, తరువాతనే ఒక భావం. దానికి విరుద్ధమైన 'కృతఘ్నత' చేసినదానిని చంపివేయడం, అంటే జరిగినది జరగనట్టు నటించడం. ఈ శబ్దార్థాన్ని గుర్తుంచుకుంటే తరువాతి చర్చ సుగమమవుతుంది.

కతోలికుల ఆరాధనకు కేంద్రమైన సంస్కారాన్ని తెలుగువారు దివ్యసత్ప్రసాదమంటారు. దాని మూల గ్రీకు నామం యూకరిస్తు. ఆ మాటకు కృతజ్ఞతార్పణమని అర్థం. తెలుగు పేరు భక్తుడు స్వీకరించేదానిని చెబుతుంది. గ్రీకు పేరు భక్తుడు తిరిగి సమర్పించేదానిని చెబుతుంది. అనువాదంలో దిశ మారిపోయిందన్నమాట. సువార్తల కథనం ప్రకారం క్రీస్తు రొట్టెను చేతబట్టి కృతజ్ఞత చెప్పినది శత్రువులకు అప్పగింపబడిన రాత్రి, మరణానికి కొన్ని గంటల ముందు. కతోలిక ధర్మంలో స్తోత్రానికి మూలఘట్టం సుఖసమయం కాదు. కష్టం గడిచిన తరువాత చెప్పే కృతజ్ఞత ఎవరైనా చెప్పగలదే. కష్టం గడపదాటి లోపలికి వస్తున్నప్పుడు చెప్పినది వేరు. తక్కిన బోధ అంతా ఈ ఘట్టానికి వ్యాఖ్యానమే.

అండమాన్ చరిత్ర అనగానే పాఠకులకు తోచేది సెల్యులర్ జైలు. 1906లో నిర్మాణం పూర్తయిన ఆ కారాగారం స్వాతంత్ర్యోద్యమ పుణ్యక్షేత్రం కావడం సముచితమే. కానీ ఆ ఎఱ్ఱని గోడల నీడలో మరొక కష్టచరిత్ర కనుమరుగయింది. 1918 నుంచి బ్రిటిష్ అధికారులు ఛోటానాగపూర్ నుంచి ఉరావ్, ముండా, ఖారియా తెగల కూలీలను ఓడలలో రప్పించారు. శిక్షాఖైదీల సంఖ్య తగ్గుతున్న రోజులవి. పడౌక్, గర్జన్ వంటి మహావృక్షాలను నరికి చాథం రంపపు మిల్లుకు చేర్చడానికి చేతులు కావాలి. రాంచీలోని కతోలిక కార్మిక సంస్థ ద్వారా ఎందరో ఈ పనికి ఎంపికయ్యారు. ఒప్పందం కొద్ది నెలలకే అయినా, గడువు తీరిన తరువాత వెనుకకు పోని వారు, పోయి మళ్ళీ వచ్చినవారు అనేకులు. తెగ ఏదైనా, ఊరు ఏదైనా దీవుల్లో వారందరికీ ఒకటే పేరు మిగిలింది: రాంచీవాలాలు.

వారు చేసినది ఏమిటో చెప్పుకోవాలి. మలేరియాకు పేరుపడిన అడవులలో, జలగలు పట్టే వానాకాలంలో, చెట్టు నరికి ఏనుగుల చేత ఈడ్పించి సముద్రతీరానికి చేర్చారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులకు ప్రభుత్వం పునరావాసం కల్పించినప్పుడు, వారి పొలాల కోసం అడవి కొట్టిన చేతులలో ఈ చేతులు ప్రధానమైనవి. దారులు వేశారు, వంతెనలకు రాళ్ళు మోశారు. అవతలివారికి పట్టాలు అందాయి. రాంచీవారిలో అత్యధికులు పని ముగిసిన చోటనే అడవి అంచున గుడిసె వేసుకొని, కాస్త వరి, కాస్త కూరగాయలు పండించుకొన్నారు. దస్త్రాలలో వారికి చేరిన పేరు ఆక్రమణదారులు. మరొక విషయం. జార్ఖండ్‌లో ఈ మూడు తెగలూ షెడ్యూల్డు తెగలే. రాజ్యాంగం ప్రకారం ఆ గుర్తింపు ప్రాంతాన్ని బట్టి వర్తిస్తుంది. దీవుల జాబితాలో ఉన్నవి అండమానీలు, ఓంగీలు, జరావాలు, సెంటినలీలు, నికోబారీలు, షోంపెన్‌లు అనే ఆరు మాత్రమే. సముద్రం దాటిన ఆదివాసి శాసనం దృష్టిలో ఆదివాసి కాకుండా పోయాడు. ఈ సూక్ష్మం పాలనారంగంలోని వారికి తెలియనిది కాదు.

వీరిలో పెక్కుమంది కతోలికులు. దీవులలోని కతోలిక సంఘానికి వీరే పునాది అన్నా అతిశయోక్తి కాదు. 1984లో పోర్ట్ బ్లెయిర్ కేంద్రంగా ప్రత్యేక మేత్రాసనం ఏర్పడేంతవరకు ఆ సంఘం రాంచీ అగ్రపీఠానికి చెందినదిగా ఉండడమే ఇందుకు సాక్ష్యం. ఆ నగరానికి 2024లో శ్రీ విజయపురమని పేరు మారింది. 2011 జనాభా లెక్కలలో దీవుల ప్రజలలో 21 శాతం క్రైస్తవులు. నికోబారీలలో అధికభాగం ప్రొటెస్టెంట్ సంప్రదాయానికి చెందినవారు. అదే లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చిన మన వారికి కూలీబ్రతుకు అంటే ఏమిటో తెలుసు కనుక రాంచీవారి కథ పరాయిది కాదు.

పట్టా లేనివాడు, జాబితాలో పేరు లేనివాడు, తరతరాలుగా అడవి కూలీ అయినవాడు ఆదివారంనాడు దేవాలయానికి పోయి కృతజ్ఞతార్పణ చేస్తాడు. అతనిని చూచి నవ్వాలా, నమస్కరించాలా?

కతోలిక సంప్రదాయంలో ఈ కృతజ్ఞతకు ఎంతో సాధన ఉంది. పునీత ఇగ్నేషియస్ లొయోలా సైనికుడు. 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగిగుండు తగిలి కాలు నుజ్జయినప్పుడు అతని జీవితం మలుపు తిరిగింది. అతడు రచించిన ఆధ్యాత్మిక సాధనలలో దినాంత ఆత్మపరిశీలన ఒకటి. అది పాపాల పట్టికతో కాక, ఆ దినాన పొందిన మేళ్ళను స్మరించడంతో ఆరంభం కావాలని అతడు విధించాడు. పద్దులు చూచేవాడు జమ ముందు రాసి ఖర్చు తరువాత రాసినట్టు. ఆ గ్రంథం చివరి ధ్యానం దైవప్రేమను పొందడానికి ఉద్దేశించినది. దానిలోనూ మొదటి పని పొందినవాటిని ఒక్కొక్కటిగా గుర్తుచేసుకోవడమే. ప్రేమ మాటలలో కంటె చేతలలో నిలవాలన్న హెచ్చరిక ఆ ధ్యానానికి గడపలోనే ఉంది. ఎరుక నుంచి కృతజ్ఞత, కృతజ్ఞత నుంచి ప్రేమ, ప్రేమ నుంచి పని: అతడు చూపిన క్రమం ఇది.

అస్సీసీ ఫ్రాన్సిస్ సంగతి మరింత విచిత్రం. సూర్యునీ చంద్రునీ సోదరులుగా భావించి అతడు చెప్పిన స్తోత్రం జగద్విఖ్యాతం. దానిని అతడు చెప్పినది 1225లో, మరణానికి ఏడాది ముందు, కళ్ళు దాదాపు పోయిన దశలో. వెలుతురు తగిలితే నొప్పిపెట్టే కళ్ళతో అతడు సూర్యుని కొరకు దైవాన్ని స్తుతించాడు. తన నొప్పి మంచిదని అతడు అనలేదు; తనకు నొప్పి కలిగించినంత మాత్రాన సూర్యుడు చెడ్డవాడు కాడని గ్రహించాడు. సిలువ యోహాను కథ చెరసాల కథ. 1577 డిసెంబరులో తన మఠసోదరులే అతనిని టొలేడోలో ఇరుకుగదిలో బంధించారు. తొమ్మిది నెలల తరువాత అతడు తప్పించుకొని పారిపోయాడు. ఆ చీకటిలోనే అతని ప్రేమగీతాలలో శ్రేష్ఠమైన భాగం పుట్టింది. చెరను దైవసంకల్పమని స్వీకరించినవాడు అవకాశం దొరకగానే కిటికీ నుంచి దిగి ఎందుకు పారిపోయాడన్నది అడగవలసిన ప్రశ్న. స్వీకరించడం వేరు, లొంగిపోవడం వేరు అన్నదే దానికి సమాధానం. భక్తులు తరచు ఈ రెండవ భాగాన్ని వదిలివేసి మొదటిదానినే చెప్పుకొంటారు.

తెలుగు పాఠకునికి ఇక్కడ రెండు స్మృతులు తప్పక కలుగుతాయి. భాగవతంలో కుంతి తమకు ఆపదలు మళ్ళీ మళ్ళీ రావాలని, అప్పుడే కృష్ణదర్శనం కలుగుతుందని కోరుతుంది. కతోలికులలోనూ బాధను కోరుకొన్న పునీతులున్నారు. కానీ సామాన్యభక్తునికి చర్చి విధించినది అది కాదు. క్రీస్తే గెత్సెమనే తోటలో ఆ పాత్ర తొలగిపోవాలని ప్రార్థించాడు కదా. రెండవ స్మృతి భద్రాచల రామదాసుది. గోలకొండ చెరలో ఆయన రాముని స్తుతించడమే కాదు, నిలదీశాడు. చేయించిన ఆభరణాల ఖర్చు పద్దు చదివి నిందించాడు. వెంటనే నొచ్చుకొని వేడుకొన్నాడు. నిందకూ స్తుతికీ మధ్య ఒక శ్వాస మాత్రమే వ్యవధి. ప్రేమలేని చోట ఈ చనువు పుట్టదు. హీబ్రూ కీర్తనకారులకూ ఇదే చనువు ఉంది. వారి విలాపగీతాలు దాదాపు అన్నీ చివర స్తుతికి మళ్ళుతాయి; ఎనభై ఎనిమిదవ కీర్తన మాత్రం మళ్ళదు, చీకటిలోనే ఆగిపోతుంది. కతోలిక చర్చి ఆ కీర్తనను ప్రతి శుక్రవారం రాత్రి జపంలో ఉంచింది. కృతజ్ఞత పలకని రాత్రులు కూడా ప్రార్థనలో భాగమేనని ఒప్పుకోవడం కాకపోతే ఇది మరేమిటి? యోబు గ్రంథం చివర దైవం మందలించినది తనతో వాదించిన యోబును కంటె, తన పక్షాన తీపి మాటలు చెప్పిన స్నేహితులనే తీవ్రంగా.

ఇక అసలు ఆక్షేపణ. కష్టంలో కృతజ్ఞత నేర్పే మతం కష్టపెట్టేవానికి ఎంత సౌకర్యం! కూలీ దైవానికి స్తోత్రం చెల్లిస్తూ ఉంటే యజమాని కూలి పెంచనక్కరలేదు. పంతొమ్మిదవ శతాబ్దం నుంచి వినవస్తున్న ఈ విమర్శను తేలికగా తోసిపుచ్చరాదు. చరిత్రలో దానికి ఆధారాలు కావలసినన్ని ఉన్నాయి. రాంచీ కతోలిక సంఘం విషయంలోనే చూస్తే, కూలీలను దీవులకు పంపిన ఏర్పాటులో చర్చి సంస్థకు పాత్ర ఉన్నదన్నది కాదనరాని నిజం. ఆకలితో ఉన్న కుటుంబాలకు జీతం దొరికించే ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆ జీతం ఎటువంటి అడవిలో ఎటువంటి పనికో తెలియక పంపారని మాత్రం అనలేము.

అయితే అదే సంఘం చరిత్రలో వేరొక పుట ఉంది. కాన్‌స్టంట్ లీవెన్స్ అనే బెల్జియం దేశపు యేసుసభ గురువు 1885లో ఛోటానాగపూర్ చేరాడు. ఆదివాసుల భూములను జమీందారులు ఏ విధంగా కాజేస్తున్నారో, వెట్టి ఎలా చేయిస్తున్నారో చూచి, కౌలు చట్టాలు చదివి, కచేరీలలో వ్యాజ్యాలు నడపడానికి వారికి తోడ్పడ్డాడు. వేలాది జనం అతని వెంట నడిచారు. మత విస్తరణకు వ్యాజ్యాలను సాధనం చేసుకొన్నాడని అతని మీద విమర్శ వచ్చింది. ఆ విమర్శ పూర్తిగా నిరాధారం కాదు. క్షయ సోకి 1893లో ముప్ఫై ఏడేళ్ళకే స్వదేశంలో మరణించాడు. అతని తరువాత జాన్ బాప్టిస్ట్ హాఫ్‌మన్ అనే జర్మన్ గురువు 1908 నాటి ఛోటానాగపూర్ కౌలు చట్టం రూపకల్పనకు తోడ్పడి, 1909లో ఆదివాసుల కొరకు సహకార పరపతి సంఘాన్ని స్థాపించాడు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి, జర్మన్ అయిన నేరానికి 1915లో అతనిని దేశం నుంచి పంపివేశారు. దీవులకు కూలీల ఓడలు సాగినది ఆ తరువాత మూడేళ్ళకు. భూమి కోసం కొట్లాడిన తరానికి వెంటనే భూమి విడిచి ఓడ ఎక్కిన తరం వచ్చింది. రెండు తరాలూ ఒకే పూజకు మోకరిల్లాయి.

కాబట్టి కృతజ్ఞత మనిషిని లొంగదీస్తుందా, నిలబెడుతుందా అన్నది అతడు దేనికి కృతజ్ఞత చెబుతున్నాడన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. పౌలు తన లేఖలో ప్రతి స్థితిలోనూ కృతజ్ఞులై ఉండమన్నాడు. ప్రతి స్థితిలో ఉండడానికీ, ప్రతి స్థితి కోసం ఉండడానికీ మధ్య ఉన్న దూరం విభక్తి ప్రత్యయమంతే. కానీ అందులో ఒక నీతిశాస్త్రమంతా ఇమిడి ఉంది. అడవిలో జ్వరంతో పడి ఉన్నవాడు తనకు నీళ్ళు తెచ్చిన తోటి కూలీ కోసం, తెల్లవారిన తెల్లవారు కోసం, తాను ఒంటరి కాడన్న నమ్మకం కోసం దైవాన్ని స్తుతించవచ్చు. జ్వరం కోసం, దోమతెర ఇవ్వని గుత్తేదారు కోసం స్తుతించనక్కరలేదు. కృతజ్ఞత జరిగినదానిని ఎరుగుట అయితే, జరిగిన అన్యాయాన్నీ అది ఎరిగే ఉంటుంది. అన్యాయాన్ని మరవమని చెప్పేది కృతజ్ఞత పేరు పెట్టుకొన్న కృతఘ్నత.

2004 డిసెంబరు 26న ఈ విచారణ మరొక రూపంలో ఎదురయింది. అది ఆదివారం, క్రిస్మస్ మరునాడు. కతోలిక పంచాంగంలో ఆ ఆదివారం పవిత్ర కుటుంబ మహోత్సవం. ఉదయం ఆరున్నర కావస్తుండగా భూమి కంపించింది. కొద్దిసేపటికి సముద్రం నికోబార్ దీవుల మీదికి లేచింది. మూడు వేల మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. దక్షిణాన ఇందిరా పాయింట్ వద్ద నేలే నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. కుటుంబాల పండుగనాడు కుటుంబాలు చెదిరిన ఆ దినాన్ని ఏ వేదాంతమూ సమర్థించజాలదు, సమర్థించ పూనుకోవడం కూడా మర్యాద కాదు. మిగిలినవారు కొబ్బరితోటల మీద గుట్టల్లో గడిపి, పిదప రేకుల షెడ్లలో ప్రార్థన సాగించారు. అది కీడు కోసం చెప్పిన కృతజ్ఞత అని ఎవరూ పొరబడనక్కరలేదు. బ్రతికినవారు ఒకరికొకరు ఉన్నారన్నదే ఆ ప్రార్థనలోని విషయం.

ఆ సమయంలో పాలనావ్యవస్థకు కృతజ్ఞత విషయంలో ఒక పాఠం దొరికింది. నికోబారీల జీవనానికి ఆధారం తుహేత్ అనే ఉమ్మడి కుటుంబం. భూమీ, పందులూ, కొబ్బరిచెట్లూ దాని ఆస్తి. సహాయధనం మాత్రం భార్యాభర్తలు, పిల్లలు అన్న చిన్న కుటుంబాల లెక్కన పంచారు. వేగంగా పంచాలంటే అంతకన్న మార్గం తోచలేదు, ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. ఫలితంగా ఉమ్మడి ఇంటి అన్నదమ్ముల మధ్య డబ్బు గోడ లేచిందని పరిశోధకులు నమోదు చేశారు. ఇంత ఇచ్చినా వీరికి విశ్వాసం లేదని విసుక్కొన్న దాతలకు కొదవ లేదు. దైవానికి చెల్లవలసిన కృతజ్ఞతను పంపిణీ అధికారి తన ఖాతాలో జమ కట్టుకోవడం కొత్త జబ్బు కాదు. దానధర్మాలు ఉన్నంత కాలంగా ఉన్నదే. ఇచ్చినది హక్కు అయినప్పుడు పుచ్చుకొన్నవాడు చెప్పవలసినది కృతజ్ఞత కాదు, రశీదు మాత్రమే. ప్రజాస్వామ్యంలో ఈ భేదం గుర్తుంచుకొన్న ఉద్యోగి ఎదుటివాని భక్తిని గౌరవించగలడు, దానిని వాడుకోడు.

రాంచీవారి విషయంలో ఋణం ఎటు నుంచి ఎటు ఉన్నదో ఇప్పుడు తిరిగి చూడవచ్చు. దారులు వాడుతున్నది ఎవరు, పొలాలు దున్నుతున్నది ఎవరు, ఆ చెట్లు నరికినది ఎవరు? సెల్యులర్ జైలుకు జ్యోతి ఉంది, శబ్దకాంతి ప్రదర్శన ఉంది. అడవి కూలీకి అంతటి ఆర్భాటం అక్కరలేదు. చరిత్ర పుస్తకంలో నాలుగు పేరాలు, దస్త్రంలో ఆక్రమణదారు అన్న మాటకు బదులు వేరొక మాట ఉంటే చాలు. భక్తుని కృతజ్ఞత దైవానికి చెల్లినంత మాత్రాన సమాజం కృతజ్ఞత అతనికి చెల్లినట్టు కాదు. ఈ రెండు లెక్కలనూ కలిపి కొట్టివేయడమే, బహుశా, మత్తుమందు విమర్శలో నిజమైన భాగం.

ఛోటానాగపూర్ ఆదివాసుల పండుగలలో నవాఖాని ఒకటి. వరి కోతకు వచ్చినప్పుడు కొత్తబియ్యం ఇంటిలో ఎవరూ నోటబెట్టకముందు మొదటి భాగాన్ని పూర్వులకూ దైవానికీ సమర్పిస్తారు. క్రైస్తవులైన తరువాత ఆ కొత్తధాన్యాన్ని దేవాలయానికి తెచ్చి, గురువుల చేత ఆశీర్వదింపజేసుకొని, పూజానంతరం పంచుకొని తింటారు. చర్చి దానిని ఆపలేదు. ఆపవలసిన కారణమూ లేదు, కృతజ్ఞతార్పణమనే మాటకు అంతకన్న దగ్గరి అర్థం ఏ వేదాంతి చెప్పగలడు? దీవులలోని రాంచీ పల్లెలలోనూ వరి పండుతుంది. ఆ వరి పండే నేల చాలాచోట్ల ప్రభుత్వ లెక్కలలో ఇప్పటికీ అటవీభూమే.